‘పనిచేసింది’ అనే ముందు దుబ్బు విప్పి లెక్కపెట్టండి

ఈసారి వీడియో కొంచెం తేడాగా ఉంటుంది. కషాయం తయారీ లేదు, దిగుబడి గొప్పలు లేవు. నా పాత వీడియోలో నేను చెప్పిన మాట ఒకటి తప్పని నేనే ఒప్పుకోవడం ఉంది. వీడియో చూసే తీరిక లేనివాళ్ళకి, నోట్‌బుక్‌లో రాసుకునేవాళ్ళకి పనికొస్తుందని మొత్తం ఇక్కడ రాస్తున్నాను.

మాది బాపట్ల జిల్లా, కృష్ణా పశ్చిమ డెల్టా కాలువ కింద మూడెకరాల చేను. ఖరీఫ్‌లో బీపీటీ 5204, కోతకి ముందు మినుము చల్లుతాం. రెండేళ్ళ క్రితం అక్టోబర్‌లో మా చేలో సుడిదోమ కనిపించింది. అగ్నిఅస్త్రం ఒక్కసారి కొట్టాను. వారం తిరిగేసరికి దోమ పలచబడింది. గట్టు మీద నిలబడి ఫోన్ తీసి, "ఒక్క స్ప్రేతో దోమపోటు మాయం" అని వీడియో పెట్టేశాను. ఛానల్‌లో బాగా తిరిగిన వీడియోల్లో అదొకటి.

ఆ నెలాఖరుకి ఒక ఫోన్ వచ్చింది. పక్క జిల్లాలో రెండున్నర ఎకరాలు కౌలుకి చేసే పెద్దాయన. "బాబూ, మీ వీడియో చూసి అగ్నిఅస్త్రం కొట్టాను. మూడుసార్లు కొట్టాను. చేను మధ్యలో సుడులు సుడులుగా ఎండిపోయింది" అన్నారు. తిట్టలేదు. తిట్టి ఉంటే నాకు కొంచెం తేలిగ్గా ఉండేదేమో. ఒక్క ప్రశ్న మాత్రం అడిగారు.

"మీరు కొట్టకముందు మీ చేలో దుబ్బుకి ఎన్ని దోమలున్నాయి బాబూ?"

నా దగ్గర జవాబు లేదు. ఎందుకంటే నేను లెక్కపెట్టలేదు. చూశాను, అంతే.

పంట పోయినా ఆయన కౌలు బస్తాలు కొలవాల్సిందే కదా. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అగ్రికల్చర్ డిప్లొమాలో పరీక్ష కోసం బట్టీ పట్టి మర్చిపోయిన పాఠం ఒకటి గుర్తొచ్చింది: వర్ణనాత్మక పరిశోధన, పరిశీలనాత్మక పరిశోధన. అప్పుడు అదంతా పేపర్ల మీద పని అనుకున్నాను. నిజానికి అది చేలో పని. ప్రకృతి వ్యవసాయం చేసేవాళ్ళకి ఇంకా ఎక్కువ అవసరమైన పని.

చూడటం వేరు, మార్చి చూడటం వేరు

మామూలు మాటల్లో చెప్తాను. మనం కావాలని ఒక మార్పు చేసి, పక్కనే మార్పు చేయని చోటు ఉంచి, రెంటినీ పోల్చి చూస్తే అది ప్రయోగం. మనం ఏమీ కలగజేసుకోకుండా ఉన్నది ఉన్నట్టు చూసి, లెక్కపెట్టి, అడిగి, రాసుకుంటే అది పరిశీలన, వర్ణన.

రెండోది మొదటిదానికంటే తక్కువేమీ కాదు. దాని పని వేరు. పురుగు ఎంత ఉంది, ఎక్కడ ఉంది, ఎప్పుడు మొదలైంది, ఎవరి చేలో వచ్చింది, దేంతో కలిసి కనిపిస్తోంది, ఇవన్నీ చెప్పేది అదే. ‘ఎందుకు’ అన్నదానికి మాత్రం అది మంచి అనుమానం ఇస్తుంది, తీర్పు ఇవ్వదు. నేను చేసిన తప్పు అక్కడే ఉంది. చూసింది చెప్పకుండా తీర్పు చెప్పాను.

ఆయన ఫోన్ తర్వాత నేను చేసిన పనుల్ని వరసగా చెప్తాను. ఒక్కో పనీ ఒక్కో రకం పరిశోధన. దేనికి ఏది పనికొస్తుందో మీకే అర్థమవుతుంది.

ఒకటి: ఒక్క చేను లోతుగా చూడటం

ముందు ఆయన చేనికి వెళ్ళాను. దీన్ని కేస్ స్టడీ అంటారు. ఒక్క రైతు, ఒక్క చేను, కానీ అన్ని వైపుల నుంచీ చూడాలి.

పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా ఆయనతోనే ఉన్నాను. బాబాయ్ అని పిలవడం అప్పుడే అలవాటైంది. చేను పల్లంలో ఉంది. పై చేల నీళ్ళన్నీ ఆయన చేలోంచే మురుగు బోదెలోకి పోవాలి. అంటే ఆరబెడదామన్నా ఆయన చేతిలో లేదు. నాట్లు చిక్కగా పడ్డాయి, కాలిబాటలు తీయలేదు. "కాలిబాట తీస్తే అంత మేర మొక్క పోద్ది కదా అబ్బాయ్, నాకున్నదే రెండున్నర" అన్నారు. అంతకుముందు ఆకుముడతకి కొట్టులో ఇచ్చిన మందు కూడా ఒకసారి కొట్టారు. ఇక అగ్నిఅస్త్రం ఎలా కొట్టారో చూపించమన్నాను. నిలబడి పైపైన కొట్టారు. దోమేమో దుబ్బు మొదట్లో, నీటికి కాస్త పైన కూర్చుని రసం పీలుస్తుంది. నా వీడియోలో నేను కూడా పైపైనే కొడుతూ కనిపిస్తాను. ఆయన నన్ను చూసే నేర్చుకున్నారు.

ఈ విషయాలేవీ ఫోన్‌లో తెలిసేవి కావు. నీళ్ళు ఆయన చేతిలో లేవన్న సంగతి ఏ ఫారంలోనూ ఉండదు. కేస్ స్టడీ బలం అదే. దాని బలహీనత కూడా చెప్పాలి: ఒక్క చేను చూసి ఊరంతా ఇంతే అనకూడదు.

రెండు: పాత రికార్డులు తిరగేయడం

ఇంటికొచ్చి నా ఫోన్‌లో ఆ అక్టోబర్ ఫోటోలు తీశాను. ప్రతి ఫోటో మీదా తేదీ ఉంటుంది కదా. స్ప్రే చేసిన రోజు ఫోటోలో మళ్ళలో నీళ్ళున్నాయి. ఐదు రోజుల తర్వాత ఫోటోలో నేల నెర్రెలిచ్చింది. అప్పుడు గుర్తొచ్చింది: ఆ వారం కాలువకి వంతులు పెట్టారు, మాకు నీళ్ళు రాలేదు. చేను దానంతటదే ఆరింది.

సుడిదోమ కనిపిస్తే నీళ్ళు తీసి చేను ఆరబెట్టమని వ్యవసాయ శాఖ వాళ్ళు ఎప్పటినుంచో చెప్తున్నదే. మరి నా చేలో దోమ తగ్గింది అగ్నిఅస్త్రం వల్లా? చేను ఆరినందువల్లా? రెండూ ఒకే వారంలో జరిగాయి. విడదీసి చెప్పే దారి లేదు. నేను మాత్రం ఒకదానికే పేరు పెట్టి వీడియో తీశాను. బాబాయ్ చేలో నీళ్ళు కదల్లేదు, దోమ కూడా కదల్లేదు.

మీ ఫోన్‌లో ఫోటోలు, డెయిరీ, కూలీల లెక్కల పుస్తకం, విత్తనాల బిల్లులు, ఇవన్నీ రికార్డులే. పారేయకండి.

మూడు: పద్ధతి ప్రకారం లెక్కపెట్టడం

తర్వాతి ఖరీఫ్ నాట్ల నుంచి వారానికోసారి లెక్క మొదలుపెట్టాను. పరిశీలనలో రెండు రకాలున్నాయి. ఒకటి ఊరికే చూడటం. తెల్లవారుజామున మంచు పడ్డప్పుడు గట్టు మీద కూర్చుంటే సాలెగూళ్ళు ఎన్ని ఉన్నాయో తెలుస్తుంది, ఏ మూల పచ్చదనం ఎక్కువుందో తెలుస్తుంది. ఇది మన పెద్దవాళ్ళు చేసిందే. కొత్త సంగతులు కళ్ళబడేది ఇక్కడే. రెండోది పద్ధతి ప్రకారం లెక్క. ఏం లెక్కపెట్టాలో ముందే రాసుకుని, ప్రతిసారీ అదే తీరులో చేయడం. నేను పెట్టుకున్న పద్ధతి ఇది:

- వారంలో ఒకే రోజు, పొద్దున ఒకే సమయానికి.
- చేనికి అడ్డంగా మూల నుంచి మూలకి నడుస్తూ 20 దుబ్బులు.
- దుబ్బుని కళ్ళతో ఎంచుకోకూడదు. ఇన్ని అడుగులు వేస్తే కాలి దగ్గర ఏది ఉంటే అదే.
- దుబ్బుని కొంచెం వంచి, మొదలు మీద అరచేత్తో తట్టి, నీళ్ళ మీద పడ్డ దోమల్ని లెక్కపెట్టాలి. సాలీళ్ళు, మిరిడ్ నల్లులు, అక్షింతల పురుగులు విడిగా రాయాలి.
- నీటి మట్టం, పిలకల సంఖ్య, ఆ వారం ఏం కొట్టాం, ఏం వేశాం, కాలువ వచ్చిందా రాలేదా రాయాలి.
- ఏమీ కనిపించకపోతే సున్నా అని రాయాలి. ఖాళీ వదిలితే చూడలేదో, లేదో తర్వాత తెలియదు.

మూడో పాయింట్ చాలా ముఖ్యం. మన కన్ను అటూ ఇటూ లాగేస్తుంది. మందు పనిచేయాలని మనసులో ఉంటే బాగున్న దుబ్బు దగ్గరే ఆగుతాం. భయం ఉంటే ఎండిన దుబ్బు దగ్గరే ఆగుతాం. ప్రభుత్వం చేసే పంట కోత ప్రయోగం చూసే ఉంటారు. వరిలో 5 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు మడి కొలిచి కోస్తారు. ఆ మడి ఎక్కడన్నది రైతు చూపించడు, అధికారి కూడా ఎంచుకోకూడదు. ముందే లాటరీలా వచ్చిన అంకెల ప్రకారం పెట్టాలి. పేరులో ప్రయోగం ఉన్నా, అది నిజానికి ఉన్న దిగుబడిని కొలిచే వర్ణన. ఎంపికలో మన ఇష్టం కలిస్తే లెక్క మొత్తం పాడవుతుంది కాబట్టే అంత కట్టుబాటు.

ఇంకో సంగతి. ఒకరోజు నేనూ, మా బావమరిదీ అవే 20 దుబ్బులు విడివిడిగా లెక్కపెట్టాం. మా అంకెలు కలవలేదు. అతను పిల్ల దోమల్ని లెక్కలోకి తీసుకోలేదు, నేను తీసుకున్నాను. అప్పుడు కూర్చుని ఏది దోమ కింద లెక్క, ఏది కాదు అని కాగితం మీద రాసుకున్నాం. మాట కలిస్తేనే లెక్క కలుస్తుంది.

సిఫారసుల్లో ఉన్న హద్దు ఏమిటంటే పిలకల దశలో దుబ్బుకి 10-15 దోమలు, ఈనిక దశలో 20-25. ఆ అంకె తెలిసినా చేతిలో మన అంకె లేకపోతే ఏం ఉపయోగం?

నాలుగు: నలుగురిని అడగడం

మా చుట్టుపక్కల ప్రకృతి వ్యవసాయం చేసే రైతుల్ని అడుగుదామని ప్రశ్నలు రాసుకున్నాను. ఇది సర్వే. మొదటి ప్రశ్న "అగ్నిఅస్త్రం దోమపోటుకి బాగా పనిచేసిందా?" అని రాశాను. మా ఆవిడ చదివి, "మీరు అడిగితే ఎవరు కాదంటారు?" అంది. నిజమే. ప్రశ్నలోనే జవాబు పెట్టేశాను. మార్చి ఇలా అడిగాం: "దోమ ఎప్పుడు కనిపించింది? ఆ వారం ఏమేం చేశారు? తర్వాత ఏమైంది?"

సర్వేలో నాకు తెలిసొచ్చిన పెద్ద సంగతి ఇంకోటి. నేను అడిగినవాళ్ళందరూ మా వాట్సాప్ గ్రూపులో ఉన్నవాళ్ళే. అంటే ఇంకా ఈ పద్ధతిలో ఉన్నవాళ్ళు. దెబ్బతిని మళ్ళీ మందుల వైపు వెళ్ళిపోయినవాళ్ళు ఆ గ్రూపులో లేరు. వాళ్ళని వదిలేసి "మా రైతులందరూ బాగున్నారు" అంటే నిలబడ్డవాళ్ళని మాత్రమే లెక్కపెట్టినట్టు. అందుకని మానేసిన నలుగురిని వెతికి పట్టుకుని అడిగాను. నాకు ఎక్కువ నేర్పింది వాళ్ళే. నలుగురిలో ముగ్గురు చెప్పింది ఒకే మాట: కషాయం చాలక కాదు, కాచే మనిషి లేక మానేశాం.

సర్వేతో చాలామంది సంగతి తొందరగా తెలుస్తుంది. కానీ మనుషులు గుర్తున్నది చెప్తారు, జరిగినదంతా చెప్పరు. లెక్క పుస్తకం ఉన్నవాళ్ళ మాట, లేనివాళ్ళ మాట విడిగా పెట్టుకోవడం మంచిది.

ఐదు: ఒక్క రోజు చాలా చేలు, లేదా ఒక్క చేను చాలా రోజులు

ఒకే రోజు పది చేలు తిరిగి రాసుకుంటే ఆ రోజుకి ఊరి బొమ్మ వస్తుంది. ఒకే చేను ఏళ్ళ తరబడి చూస్తే మార్పు కనిపిస్తుంది. నేల సంగతి తెలియాలంటే రెండోదే దారి.

వానపాముల మీద డార్విన్ చేసిన పని దీనికి మంచి ఉదాహరణ. 1842 డిసెంబర్‌లో తన ఇంటి దగ్గరి పొలంలో సుద్ద ముక్కలు చల్లించాడు. 1871లో, అంటే 29 ఏళ్ళ తర్వాత, అక్కడ కందకం తవ్వించి చూశాడు. సుద్ద ముక్కలు తెల్లటి గీతలా సుమారు 7 అంగుళాల లోతున కనిపించాయి. వానపాములు కింది మట్టిని పైకి తెచ్చి పోస్తూ పోస్తూ పై పొర కట్టాయి. ఇదీ, ఇలాంటివీ కలిపి 1881లో పుస్తకం వేశాడు. ఒక్క ఏడాది చూసి వదిలేసి ఉంటే చూడటానికి ఏమీ ఉండేది కాదు. మనం నవధాన్యాలు చల్లి, ఘనజీవామృతం వేసి, ఒక్క సీజన్‌కే "నేల మారిపోయింది" అంటున్నాం. ఏటా ఒకే నెలలో, ఒకే చోట, ఒకే కొలత గుంట తవ్వి వానపాముల్ని లెక్కపెట్టి రాయండి. ఐదేళ్ళ తర్వాత మీ దగ్గర మాట కాదు, వరస ఉంటుంది.

కలిసి కనిపించినంత మాత్రాన కారణం కాదు

నా లెక్కల్లో ఒక వింత కనిపించింది. దోమ ఎక్కువున్న మళ్ళలోనే సాలీళ్ళు కూడా ఎక్కువున్నాయి. కాగితం మీద మాత్రమే చూసేవాడైతే సాలీళ్ళే దోమని తెస్తున్నాయంటాడు. మనకి తెలుసు, మేత ఉన్న చోటికే మేసేవి వస్తాయి. ఇది తేలిగ్గా పట్టుకోగలిగిన ఉదాహరణ. కాలిబాటలు తీసిన చేలల్లో దోమ తక్కువ కనిపించింది. కానీ మా దగ్గర కాలిబాటలు తీసినవాళ్ళలో ఎక్కువమందివి మెరక చేలు. నీరు నిలవనందుకు తగ్గిందా, గాలి వెలుతురు ఆడినందుకు తగ్గిందా? పరిశీలన ఇక్కడ ఆగిపోతుంది. ఇక్కడి నుంచి ప్రయోగం కావాలి.

అందుకే ఒక మడిలో ఆరు పట్టీలు చేశాను. రెండేసి చొప్పున జతకట్టి, ప్రతి జతలో దేనికి అగ్నిఅస్త్రం, దేనికి ఉత్త నీళ్ళు అన్నది నాణెం ఎగరేసి తేల్చాం. అదే స్ప్రేయర్, అదే తీరు, నాజిల్ దుబ్బు మొదట్లోకి. లెక్కపెట్టే మా బావమరిదికి ఏది ఏదో చెప్పలేదు. వెల్లుల్లి, పొగాకు వాసనకి కనిపెట్టేస్తాడని రెండు రోజులు ఆగి పంపాను. వారానికి దోమ ఆరు పట్టీల్లోనూ తగ్గింది. కొట్టిన వాటిలో కొంచెం ఎక్కువ తగ్గినట్టుంది గానీ, గట్టిగా చెప్పేంత తేడా కాదు. ఆ వారం నీళ్ళు తీశాం, మిరిడ్ నల్లులు కూడా బాగా ఉన్నాయి. పట్టీలు చిన్నవి, దోమ ఒక దాంట్లోంచి ఇంకో దాంట్లోకి పోతుంది. కాబట్టి నేను చెప్పగలిగింది ఇంతే: నా చేలో ఆ ఏడాది ఒక్క అగ్నిఅస్త్రమే కాపాడిందని నేను అనలేను.

చూడటం నేర్పిన పొలంబడి

ఇది నేను కనిపెట్టింది కాదు. ఇండోనేషియాలో 1970ల్లో ఇదే సుడిదోమ వరిని దెబ్బతీసింది. మందులు కొట్టినకొద్దీ దోమని తినే సాలీళ్ళు, నల్లులు చచ్చి దోమ ఇంకా పెరుగుతోందని పరిశోధకులు చేలల్లో లెక్కపెట్టి చూపించారు. 1986లో ఆ దేశం వరిలో 57 రకాల పురుగుమందుల వాడకాన్ని నిషేధించింది. 1989లో అక్కడ రైతు పొలంబడులు మొదలయ్యాయి. వారానికోసారి రైతులు గుంపులుగా చేలో దిగి, మొక్కల్ని చూసి, పురుగుల్ని లెక్కపెట్టి, పెద్ద కాగితం మీద మొక్క బొమ్మ గీసి, ఒక పక్క శత్రు పురుగులు, ఇంకో పక్క మిత్ర పురుగులు వేసి, ఏం చేయాలో తామే మాట్లాడుకుని తేల్చుకునేవాళ్ళు. మన దగ్గరికి కూడా ఆ పద్ధతి పొలంబడి పేరుతోనే వచ్చింది. ఆ బొమ్మ గీయడమంటేనే వర్ణనాత్మక పరిశోధన.

చివరిగా

పాత వీడియో తీసేయలేదు. తీసేస్తే తప్పు దాచినట్టవుతుంది. పైన సవరణ పెట్టాను, ఆ వారం చేను ఆరిందని, లెక్క లేదని. ఇక మీదట నా వీడియోల్లో ‘చూశాను’, ‘లెక్కపెట్టాను’, ‘పోల్చి చూశాను’ అని మూడు మాటలు విడివిడిగా చెప్తాను. ఏ మాట చెప్పానో చూసి మీరు ఎంత నమ్మాలో అంతే నమ్మండి.

బాబాయ్ నష్టం నేను పూడ్చలేకపోయాను. ఆ రబీకి మినుము విత్తనాలు పట్టుకెళ్ళి ఇస్తే డబ్బులిచ్చే తీసుకున్నారు. తర్వాతి ఖరీఫ్‌కి ఆయన కాలిబాటలు తీశారు. పై చేల రైతులతో మాట్లాడి గట్టు వెంబడి వేరే బోదె వేయించుకున్నారు. లెక్క కాగితం నేనిచ్చాను, ఆయన మనవడు రాస్తున్నాడు. మొన్న ఈనిక దశలో పొద్దున్నే ఫోన్ చేశారు.

"అబ్బాయ్, ఇరవై దుబ్బులు చూశాం. దోమ ఉంది. సాలీళ్ళు కూడా బాగానే ఉన్నాయి. కొట్టనా?"

"మీ లెక్క ఏమంటోంది బాబాయ్?"

కాసేపు కాగితం చప్పుడు వినిపించింది. "హద్దు దాకా రాలేదు. నీళ్ళు తీసి, నాలుగు రోజులాగి మళ్ళీ లెక్కపెడతాం" అన్నారు.

దుబ్బు ఎలా తట్టాలి, పిల్ల దోమ ఎలా ఉంటుంది, మిరిడ్ నల్లిని ఎలా గుర్తుపట్టాలి, ఇవన్నీ వీడియోలో దగ్గరగా చూపించాను. పైన రాసిన ఆరు పాయింట్లు ఒక కాగితం మీద రాసుకుని ఈ వారమే చేలో దిగండి. మీ అంకెలు కామెంట్‌లో పెట్టండి. సున్నా వచ్చినా పెట్టండి, పనిచేయకపోయినా పెట్టండి. అవే ఎక్కువమందికి పనికొస్తాయి.